రచనలో ఎత్తుగడ, ముగింపు



వార్షికోత్సవ సంచిక కోసం వచ్చిన వ్యాసాలు, కథలు చదివే పని సంపాదక వర్గంగా మా మీద పడింది. స్టడీ అవర్ అయిపోయాక మెస్ హాలులో కాగితాలన్నీ ముందేసుకొని కూర్చున్నాము. వరకట్నం మీద రాసిన వ్యాసం "మానవుడు సంఘజీవి" అని మొదలైంది. పర్యావరణం మీద రాసిందీ అలాగే మొదలైంది. సెల్‌ఫోన్ల మీద రాసిన తమ్ముడు కూడా మానవుడు సంఘజీవి కాబట్టే సెల్‌ఫోన్ కనిపెట్టాడని తేల్చాడు. చివర చూస్తే అందరూ కంకణబద్ధులే. "కావున మనమందరం కంకణబద్ధులమై" అని ముగించని వ్యాసం దొరకడం కష్టమైంది. చేతిరాత చూసి తప్ప ఎవరు ఏది రాశారో గుర్తుపట్టలేకపోయాము.

అందులోనే "శ్రమ గౌరవం" అనే వ్యాసం ఒకటి ఉంది. మొదటి పేజీ అంతా శ్రమ లేనిదే ఫలితం లేదనీ, పెద్దలు అలా చెప్పారనీ, ఇలా చెప్పారనీ నింపాడు. రెండో పేజీ మధ్యలో ఒక మాట రాశాడు. వాళ్ల నాయన నిమ్మకాయల బస్తాలు మోసే హమాలీ. చిరిగిన కాయల రసం చేతి పగుళ్లలోకి దిగితే రాత్రి చేత్తో అన్నం కలుపుకోలేడు, చెంచాతో తింటాడు. అంతే, మళ్లీ వెంటనే పెద్దల మాటల్లోకి వెళ్లిపోయాడు. మేము నలుగురం ఆ వాక్యం దగ్గర ఆగిపోయాము. వ్యాసం మొదలు కావలసింది అక్కడ. రాసిన తమ్ముడికి అది చెప్పుకోదగిన సంగతి అనిపించలేదు కాబట్టి మధ్యలో దాచిపెట్టాడు.

ఎత్తుగడ గురించి, ముగింపు గురించి ఈ నాలుగు మాటలు రాయాలనుకోవడానికి కారణం అదే. మనలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి కలం పట్టినవాళ్లం. మన ఇంటి సంగతి కాగితం మీదికి ఎక్కాలంటే మనమే ఎక్కించాలి. గైడులోని వాక్యం మొదటి స్థానంలో కూర్చుంటే మన సంగతి రెండో పేజీకి, మూడో పేజీకి పోతుంది. కొన్నిసార్లు అసలు రాకుండానే గంట కొడతారు.

గైడు వాక్యాలు వాడినవారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఎత్తుగడకు ఒక వరస ఉండాలన్న ఆలోచన మనకు గైడుల కంటే ముందు నుంచే ఉంది. మన ఊళ్లలో యక్షగానమో చిందు భాగవతమో చూసినవారికి తెలుసు. పాత్ర తెర వెనుక నుంచి రాగానే కథలోకి దూకదు. ప్రవేశ దరువు పాడి, తాను ఎవరో, ఎంతటివాడో చెప్పుకుంటుంది. చివర మంగళం పాడతారు. అవ్వ చెప్పే కథయితే "అనగనగా ఒక ఊళ్లో" అని మొదలై "కథ కంచికి, మనం ఇంటికి" అని ముగుస్తుంది. వీటికి పని ఉంది. ఆరుబయట జనం కూర్చొని ఉంటారు, ఒకడు బీడీ ముట్టిస్తుంటాడు, ఒక పిల్ల ఏడుస్తుంటుంది. వాళ్లందరి చెవులు ఒక్కచోటికి రావడానికి కొంత సమయం కావాలి. ప్రవేశ దరువు ఆ సమయం ఇస్తుంది. కాగితం చదివేవాడు అలా కాదు. పేజీ తిప్పినప్పుడే చెవి ఇటు పెట్టాడు. పైన పెద్ద అక్షరాలతో శీర్షిక కూడా ఉంది. శీర్షికే మన ప్రవేశ దరువు. అది అయిపోయాక మళ్లీ ఇంకొక దరువు పాడితే చదివేవాడు లేచి వెళ్లిపోతాడు.

ఒక ఉదాహరణ తీసుకొని చూద్దాం. మన జిల్లాలో ఏ వ్యాసరచన పోటీ పెట్టినా ఎప్పుడో ఒకసారి "నీరు" అనే అంశం వస్తుంది. మామూలుగా ఇలా మొదలుపెడతారు: "నీరు ప్రాణాధారము. పంచభూతాలలో నీరు ఒకటి. నీరు లేనిదే జీవకోటి మనుగడ లేదు." ఇందులో అబద్ధం ఏమీ లేదు. అయితే దీన్ని కాకినాడలో పిల్లవాడూ రాయవచ్చు, కాశీలో పిల్లవాడూ రాయవచ్చు. నల్లగొండ పిల్లవాడు మాత్రమే రాయగల వాక్యం ఏది?

"మా అమ్మమ్మ వెనక్కి చూడాలంటే మెడ తిరగదు, ఒళ్లంతా తిప్పాలి."

ఇది చదివినవాడు ఎందుకు అని అడగకుండా ఉండలేడు. రెండో వాక్యంలో కారణం చెప్పవచ్చు: ఆమె చిన్నప్పటి నుంచి తాగింది ఫ్లోరైడు నీళ్లు. ఇక ఆ తరువాత మనం చదువుకున్న విజ్ఞానశాస్త్రం అంతా దానంతట అదే వరుసలోకి వస్తుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్ల మీద గార, మచ్చలు వస్తాయి, ఆ తరువాత ఎముకలు బిగుసుకుపోతాయి, వంగిపోతాయి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు "నల్లగొండ టెక్నిక్". మన జిల్లా పేరు దేశదేశాల పుస్తకాల్లోకి ఎక్కింది, ఎక్కిన కారణం మాత్రం గర్వపడేది కాదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నది నీళ్లు ఊళ్లకు వచ్చాయి. కానీ బిగుసుకుపోయిన మెడ మళ్లీ మెత్తబడదు. ఇలా రాసుకుంటూ పోతే "నీరు ప్రాణాధారము" అనే మాట మనం చెప్పనక్కరలేదు, చదివినవాడే అనుకుంటాడు.

గమనించండి, అమ్మమ్మ వాక్యంలో ఉపమానం లేదు, సామెత లేదు, పెద్ద సమాసం లేదు. కంటితో చూసిన ఒక సంగతి మాత్రమే ఉంది. ఎత్తుగడ బలంగా ఉండాలంటే గట్టిగా అరవాలని కొందరు అనుకుంటారు. "అయ్యో! ఎంత ఘోరం!" అని ఆశ్చర్యార్థకాలు మూడేసి పెడతారు. చదివేవాడికి ఇంకా ఏమి జరిగిందో తెలియదు, మనం అప్పుడే ఏడుస్తున్నాం. ఊళ్లో ఎవరైనా పోయినా ముందు ఎవరు పోయారో చెప్పి తరువాతే కదా ఏడుస్తారు!

పెద్ద రచయితలు ఎలా మొదలుపెట్టారో కొంచెం చూద్దాం.

గురజాడ అప్పారావు గారి "దిద్దుబాటు" 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. అది ఒక భర్త అర్ధరాత్రి దాటాక తన ఇంటికి తానే తిరిగి వచ్చి తలుపు దగ్గర నిలబడటంతో మొదలవుతుంది. ఆయన పేరు, ఊరు, చదువు, గుణగణాలు ముందుగా ఏమీ చెప్పరు. ఇంత రాత్రి ఎక్కడి నుంచి వస్తున్నాడు? లోపలి నుంచి ఎవరూ ఎందుకు పలకడం లేదు? ఈ రెండు ప్రశ్నలు మన మనసులో పుట్టించి కథ లోపలికి తీసుకుపోతారు. భార్య కమలిని కనబడదు, ఒక ఉత్తరం మాత్రం ఉంటుంది. కథ మొత్తం ఒక్క రాత్రి, ఒక్క ఇల్లు. అదే కథను మనలో ఒకరు రాస్తే "గోపాలరావు ఒక సంపన్న కుటుంబంలో జన్మించెను" అని మొదలుపెట్టి, ఆయన ఐదో తరగతి దాకా వచ్చేసరికి కాగితం అయిపోతుంది.

గుర్రం జాషువా గారు 1941లో "గబ్బిలం" రాశారు. అంటరానివాడని గుడి లోపలికి రానివ్వని మనిషి తన బాధను కాశీలోని శివుడికి చెప్పుకోవాలి. ఎవరితో చెప్పి పంపాలి? కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు. జాషువా గారు గబ్బిలాన్ని పంపారు. మనిషిని ఆపే గుడి తలుపు గబ్బిలాన్ని ఆపదు. కబురు మోసేది ఏదో నిర్ణయించడంతోనే చెప్పవలసినదాంట్లో సగం చెప్పేశారు. ఎత్తుగడ అంటే మొదటి వాక్యం మాత్రమే కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

డాక్టర్ అంబేడ్కర్ గారి "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" అనే చిన్న పుస్తకం హాస్టల్ పిల్లలందరూ చదవాలి. ఆయన పోయిన తరువాత 1990లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ వారు దానిని అచ్చువేశారు. అంటరానితనం అంటే ఏమిటో విదేశీయులకు ఎలా తెలియజెప్పాలి అన్నది ఆయన ముందున్న ప్రశ్న. నిర్వచనాలు ఇవ్వగల పండితుడు ఆయన. కానీ జరిగిన సంఘటనలు చెప్పడమే మేలని కొద్ది మాటల్లో అనేసి, నేరుగా 1901లో జరిగిన సంఘటనలోకి వెళ్లిపోతారు. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లు. అన్న, మేనల్లుళ్లతో కలిసి కొత్త బట్టలు వేసుకొని, తండ్రి ఉద్యోగం చేసే ఊరికి రైలులో బయలుదేరుతారు. మసూర్ స్టేషన్లో దిగితే తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టర్ మొదట మర్యాదగానే పలకరిస్తాడు. పిల్లలు తమ కులం చెప్పగానే ఆయన ముఖం మారిపోతుంది. బండివాళ్లు ఎవరూ రారు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటామని ఒప్పుకుంటే గాని బండి దొరకలేదు. దారి పొడవునా తాగడానికి నీళ్లు లేవు. చదివినవారు కొత్త బట్టలను, ఆ స్టేషన్ మాస్టర్ ముఖాన్ని మరచిపోలేరు. పిల్లలు ఎంత సంతోషంగా బయలుదేరారో ముందు చూపించారు కాబట్టి తరువాత జరిగింది అంత గట్టిగా తగులుతుంది.

ఇక మన నకిరేకల్ దగ్గరి మనిషి గురించి. వట్టికోట ఆళ్వారుస్వామి గారిది ఇక్కడికి దగ్గరలోని చెరువు మాదారం. చిన్నతనంలోనే తండ్రి పోతే, ఉపాధ్యాయుల ఇంట్లో వంటపని చేసిపెడుతూ చదువు నేర్చుకున్నారు. విజయవాడలో హోటల్ సర్వరుగా పనిచేశారు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, అచ్చయిన పుస్తకాలను తానే మోసుకుంటూ ఊరూరా, ఇంటింటికీ తిరిగి అమ్మారు. నిజాం కాలంలో జైలుకు వెళ్లారు. నిజామాబాద్ జైలులో తోటి ఖైదీగా ఉన్న దాశరథి కృష్ణమాచార్య గారు తన "అగ్నిధార"ను ఆయనకే అంకితం ఇచ్చారు. అప్పట్లో సంక్షేమ హాస్టళ్లు ఉంటే ఆళ్వారుస్వామి గారు వాటిలోనే చదివి ఉండేవారని మాలో ఒకరు అన్నారు. నిజమే.

ఆయన కథల సంపుటి పేరు "జైలులోపల". ఆ పేరును ఒకసారి చూడండి. ఒకే మాట. అందులో చోటు ఉంది, మనం బయట ఉన్నామన్న సూచన ఉంది, లోపలికి రమ్మన్న పిలుపు ఉంది. రాజకీయ ఖైదీగా వెళ్లిన మనిషి తన త్యాగం గురించి పేజీలు నింపవచ్చు. ఆయన అక్కడ తనకు ఎదురైన మామూలు ఖైదీల బతుకులను కథలుగా రాశారు. ఆ మనిషి అక్కడికి ఎలా వచ్చాడన్న ప్రశ్నతోనే కథ నడుస్తుంది. చేసిన నేరం కంటే మనిషే ముందు కనబడతాడు. తెలంగాణ పల్లె జీవితాన్ని నవలలోకి తెచ్చిన తొలి రచనల్లో ఆయన "ప్రజల మనిషి" ఒకటి. ఆ నవలలో వెట్టి గురించి ఉపన్యాసం వినబడదు, వెట్టి చేసే మనుషులు కనబడతారు.

పాలమూరు జిల్లావారైన సురవరం ప్రతాపరెడ్డి గారిని కూడా ఇక్కడ తలుచుకోవాలి. తెలంగాణలో కవులు లేరని ఒకరు రాసినప్పుడు ఆయన కోపంతో ఊగిపోతూ సంపాదకీయం రాసి ఊరుకోవచ్చు. అలా కాకుండా 1934లో 354 మంది కవుల రచనలతో "గోలకొండ కవుల సంచిక" తెచ్చారు. వ్యాసం మొదటి పేరాలో కోపం వచ్చినప్పుడల్లా ఇది గుర్తు చేసుకుంటే మంచిది. లెక్క చూపించగలిగినప్పుడు అరవనక్కరలేదు.

ఎత్తుగడ కుదరాలంటే మేము పాటించే ఉపాయం ఒకటి చెబుతాము. ముందు ఎలా వస్తే అలా రాసెయ్యండి. మానవుడు సంఘజీవి అని వచ్చినా ఫరవాలేదు, చెయ్యి వేడెక్కడానికి అది పనికొస్తుంది. మొత్తం రాశాక మొదటి పేరాను అరచేతితో మూసి, రెండో పేరా నుంచి స్నేహితుడికి చదివి వినిపించండి. "ఎవరి గురించిరా? ముందేం జరిగింది?" అని వాడు తికమకపడితే మొదటి పేరాతో పని ఉన్నట్టే. వాడు ఏమీ అడగకుండా వింటూ పోతే ఆ పేరా కొట్టివేయవచ్చు. పదిలో ఎనిమిదిసార్లు కొట్టివేయవలసి వస్తుందని మా అనుభవం.

పరీక్షల సంగతి వేరే చెప్పాలి. పేపరు దిద్దే సారు దగ్గర కట్టలు కట్టలు ఉంటాయి. ఆయన ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు ఉన్నాయా అని చూస్తారు. కాబట్టి పరీక్షలో అమ్మమ్మ వాక్యంతో మొదలుపెట్టినా మూడో వాక్యానికల్లా అంశం పేరు రావాలి. లేకపోతే ప్రశ్న తప్పు చదివాడేమో అనుకుంటారు. సామెతో సూక్తో రాస్తే మార్కులు పోవు, కానీ దానికి ఒక వరుస చాలు. ఉపోద్ఘాతానికి పేజీ ఇచ్చి అసలు విషయానికి నాలుగు వరుసలు మిగుల్చుకోవడం మాత్రం ప్రతి సంవత్సరం చూస్తున్నదే.

ఇప్పుడు ముగింపు. మా లెక్కలో ఎత్తుగడ కంటే ఇదే కష్టం.

హాస్టల్ కథల్లో మూడు ముగింపులు ఎక్కువ. మొదటిది, "ఇంతలో వార్డెన్ సారు విజిల్ వినిపించింది, మెలకువ వచ్చింది, ఇదంతా కలా అనుకున్నాను." రెండోది, కథానాయకుడు రైలు కిందనో బావిలోనో పడటం. మూడోది, యాభై ఏళ్లుగా పీడించిన దొర చివరి నాలుగు వరుసల్లో కళ్లు తెరిచి, కన్నీళ్లతో భూమి పంచిపెట్టడం. మూడింటికీ కారణం ఒక్కటే. కథను ఎక్కడ ఆపాలో తెలియనప్పుడు ఏదో ఒకటి తెచ్చి తలుపు వేస్తాము. కలగా తేల్చేస్తే అంతదాకా నమ్మి చదివినవాడిని వెర్రివాడిని చేసినట్టు. ఇక దొర మారడం సంగతి. మన తాతలు చూసిన దొరలలో అలా నాలుగు వరుసల్లో మారినవారు ఉంటే ఈ జిల్లాలో అంత పోరాటం జరిగేదే కాదు.

అంటే చావుతో ముగించకూడదా? ముగించవచ్చు. కాళీపట్నం రామారావు గారి "యజ్ఞం" కథ చివరలో జరిగేది అంతకంటే ఘోరం. ఒక పాత అప్పు గురించి ఊళ్లో పంచాయతీ సాగుతుంది. అప్పల్రాముడు చివరికి ఆ అప్పు ఒప్పుకొని పత్రం రాయడానికి సిద్ధపడతాడు. అతని కొడుకు సీతారాముడు, ఆ బానిసత్వం తన బిడ్డకు రాకూడదని, బిడ్డను తానే చంపేస్తాడు. 1960ల నాటి ఆ ముగింపు సరైనదా కాదా అని తెలుగు సాహిత్యంలో దశాబ్దాల పాటు వాదోపవాదాలు నడిచాయి. మేమూ ఆ సాయంత్రం వాదించుకున్నాము, తేలలేదు. కానీ ఒక్కటి అందరం ఒప్పుకున్నాము. ఆ ముగింపు ఆకాశం నుంచి ఊడిపడలేదు. కథ పొడవునా రచయిత అప్పు లెక్కలు, పెద్దమనుషుల మర్యాద మాటలు, ఊరి అభివృద్ధి, న్యాయం, ధర్మం అన్నీ ఓపికగా చెప్పుకుంటూ వచ్చారు. అంత మర్యాదగా జరిగిన పంచాయతీ ఒక మనిషిని ఎక్కడికి నెట్టిందో చివర కనబడుతుంది. మన కథలో మనిషి రైలు కింద పడే ముందు మనం అలాంటి లెక్క ఒక్కటైనా చూపించామా అని అడుగుకోవాలి.

చప్పుడు లేని ముగింపులు కూడా ఉంటాయి. చాసో గారి "వాయులీనం"లో భార్యకు జబ్బు చేస్తే, వైద్యం కోసం ఆమె ఫిడేలు అమ్ముతారు. మిగిలిన డబ్బుతో భర్త ఆమెకు చీర తెస్తాడు. పేదరికం కళను ఎలా మింగుతుందో రచయిత అక్కడ ఒక పేరా రాయవచ్చు, రాయలేదు. చీర ఉంది, ఫిడేలు లేదు. "దిద్దుబాటు" కూడా అంతే. భర్త పశ్చాత్తాపపడుతుండగా ఆమె మంచం కింద ఉందని తెలిసే చప్పుడుతో కథ అయిపోతుంది. మరునాటి నుంచి అతడు బుద్ధిగా ఉన్నాడని, ఇద్దరూ సుఖంగా ఉన్నారని రాయలేదు.

"ఈ కథలోని నీతి ఏమనగా" అని చిన్న తరగతుల పుస్తకాల్లో ఉంటుంది. అది పాఠం చెప్పే సారు కోసం పెట్టింది. పదో తరగతి దాటినవాళ్లు రాసే కథకు అది అక్కరలేదు. చదివేవాడు తానుగా అందుకున్నదాన్ని మనం మళ్లీ వాడి చేతిలో పెడితే, వాడికి అందలేదేమోనని అనుమానించినట్టే కదా.

వ్యాసానికి ముగింపు ఎలా? హమాలీ నాయన గురించి రాసిన తమ్ముడితో కూర్చొని, అతడి ఇష్టంతోనే, వ్యాసం మళ్లీ అమర్చాము. చెంచా వాక్యం మొదటికి వచ్చింది. చివర్లో ఉన్న కంకణబద్ధుల పేరా తీసేశాము. దాని స్థానంలో ఏం రాయాలి అని అడిగితే అతడు చాలాసేపు ఏమీ అనలేదు. బస్తాకు ఎంత ఇస్తారు, సీజన్లో రోజుకు ఎన్ని బస్తాలు మోస్తారు, సీజన్ అయిపోయాక ఏం పని అని మేము అడుగుతూ పోయాము. అన్నింటికీ జవాబులు ఉన్నాయి, అతడికి అవన్నీ నోటికి వచ్చు. చేతులకు తొడుక్కునేవి ఏమైనా ఇస్తారా అంటే, ఎవరూ ఇవ్వరని, మందమైన గ్లవ్స్ ఉంటే పగుళ్లు తగ్గుతాయని నాయన అంటుంటాడని చెప్పాడు. వ్యాసం ఆ మాటతో ఆగింది. ఎవరూ కంకణం కట్టుకోలేదు, కానీ శ్రమను గౌరవించడానికి చేయవలసిన పని ఒకటి తెలిసింది. పేరు వేయవద్దని కోరాడు కాబట్టి ఆ వ్యాసం ఈ సంచికలో పేరు లేకుండానే ఉంది.

సమయం తక్కువున్న పోటీల్లో ఇంకొక చిట్కా పనికొస్తుంది. అంశం ఇవ్వగానే మార్జిన్‌లో పెన్సిలుతో చివరి వాక్యం ముందుగా రాసుకోండి. ఎక్కడ దిగాలో తెలిస్తే బస్సు ఎక్కడం తేలిక. రాస్తుండగా అంతకంటే మంచిది తడితే అదే వేయండి, పెన్సిలు గీత తుడిచేయవచ్చు.

కథలు, వ్యాసాలు రాసే ఆసక్తి అందరికీ ఉండదు. కానీ అర్జీ అందరూ రాయవలసిందే. సోమవారం కలెక్టరేటులో ప్రజావాణికి పోయినవారు చూసే ఉంటారు. అధికారి ముందు కాగితాల దొంతర ఉంటుంది, ఒక్కోదాని మీద ఆయన కన్ను ఆగేది మొదటి మూడు వరుసల దగ్గరే. మనం ఆ మూడు వరుసలనూ "మహారాజశ్రీ", "దివ్యసముఖమునకు", "బీద విద్యార్థులమైన మేము సవినయముగా" అనే మాటలతో నింపుతాము. నల్లాల గురించి రాయాలి అనుకుందాం. "మా హాస్టల్లో ఇంతమందిమి ఉన్నాము, ఇన్ని నల్లాలు ఉన్నాయి, వాటిలో ఇన్ని పలానా తేదీ నుంచి పనిచేయడం లేదు" అని మొదటి వాక్యంలోనే రావాలి. చివర "కావున తమరు దయతలచి తగు చర్య తీసుకొనగలరు" అంటే ఏ చర్య అన్నది వారి ఇష్టం. ఎన్ని నల్లాలు బాగుచేయించాలి, ఏ తేదీలోగా, ఆ విషయం ఎవరికి తెలియజేయాలి అని రాస్తే జవాబు ఇవ్వక తప్పదు. మర్యాద తగ్గనక్కరలేదు, "అయ్యా" అని ఒకసారి రాస్తే సరిపోతుంది. దయ అడిగే కాగితానికీ, హక్కు అడిగే కాగితానికీ తేడా తెలిసేది ఈ మొదటి, చివరి వాక్యాల్లోనే. ఉద్యోగాలు చేస్తున్న పూర్వ విద్యార్థులకు ఈ సంగతి మాకంటే బాగా తెలుసు. సెలవుల్లో వచ్చినప్పుడు పిల్లలతో ఒక అర్జీ రాయించి చూపించమని కోరుతున్నాము.

ఆళ్వారుస్వామి గారు 1961 ఫిబ్రవరి 5న మరణించారు. ఆయన రెండో నవల "గంగు" అప్పటికి పూర్తి కాలేదు, ఆయన పోయిన తరువాతే పుస్తకంగా వచ్చింది. ముందు "ప్రజల మనిషి", ఆ తరువాత "గంగు" చదవండి. "గంగు" ఆగిపోయిన చోట తరువాత ఏమై ఉంటుందో ఒక పేజీ రాసి, వచ్చే సంచికకు దసరా సెలవుల లోపల మాకు ఇవ్వండి. వచ్చిన వాటిలో మంచివి అచ్చువేస్తాము.